పొడుగు కాయితం

జాబితా గోడకి అంటించి గంట కాలేదు. జిగురు తడి ఇంకా ఆరలేదు. అప్పటికే కాఫీ పథకం ఆఫీసు వరండా నిండిపోయింది. చింతపల్లిలో ఆ వారం వాన పడుతూ ఆగుతూ ఉంది. గొడుగులు, గొంగళ్లు, తలమీద కప్పుకున్న యూరియా సంచులు, అన్నిటినుంచీ నీళ్లు కారుతున్నాయి. చదువొచ్చిన ఒక కుర్రాడు పేర్లు పైకి చదువుతున్నాడు. పేరు వినబడినవాళ్లు పక్కకి తప్పుకుంటున్నారు. వినబడనివాళ్లు మళ్లీ మొదటినుంచి చదవమంటున్నారు.

స్వర్ణ కంప్యూటర్ గది కిటికీలోంచి చూస్తోంది. ఆ ఆఫీసులో చేరి మూడు వారాలయింది. విశాఖపట్నంలో ఎంసీఏ చదివి, కాంట్రాక్టు మీద సొంత కొండలకే వచ్చింది. దరఖాస్తుల వెబ్‌సైటు తయారుచేసిన కంపెనీవాళ్లు దాన్ని ఇక్కడి కంప్యూటర్లో పెట్టి, టీ తాగి, వెళ్లిపోయారు. ఇక చూసుకోవలసింది ఆమె.

జాబితాలో ఉన్నవాళ్లకి వచ్చే సోమవారం లారీ మీద కాఫీ మొక్కలు వస్తాయి. లేనివాళ్లకి ఈ ఏడు రావు.

"ఇంకోపాలి సదువు బాబూ. పాంగి కనక. జీలుగుబంద."

"రెండుసార్లు సదివినాను కదేటి. నేదు."

అడిగినామె గుంపులోంచి తప్పుకుంది. గొంగడి దులిపి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, తిన్నగా లోపలికి వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. చేతులు మోచేతుల దాకా ఎర్రమట్టి రంగు తేలి ఉన్నాయి. కడిగితే పోయే రంగు కాదది. తాతారావు గారి బల్ల ముందు నిలబడింది.

"బాబూ, నా పేరు మర్సిపోనారు."

తాతారావు గారు ఆ ఆఫీసుకి పెద్ద. నర్సీపట్నం మనిషి. రిటైర్మెంటుకి రెండేళ్లుంది. ఎవరిమీదా కోపం ఉండదు, ఎవరికోసమూ రూలు వంచడు. కళ్లద్దాలు నుదుటి మీదకి తోశాడు.

"మర్చిపోవడానికి నేను రాసింది కాదమ్మా. కంప్యూటర్లోంచి దిగింది. నువ్వు దరఖాస్తు పెట్టలేదు."

"పెట్టినాను. మూడు పాలీలు వచ్చినాను. మొదటిపాలి కరెంటు నేదన్నారు. రెండోపాలి రాసే బాబు నేడు. మూడోపాలి రాసి రసీదిచ్చినాడు. ఇదుగో."

సంచిలోంచి ఒక చుట్ట తీసింది. అడ్డనారతో కట్టి ఉంది. ముడి విప్పి బల్లమీద పరిచి, రెండు చివరలూ అరచేతులతో నొక్కి పట్టుకుంది. లీగల్ సైజు కాయితం. అంచుల దాకా లామినేషన్ చేయించింది. కింద మూలన గుండ్రటి ఆఫీసు స్టాంపు.

తాతారావు గారు పైనుంచి కిందికి చూశాడు. "ఇంగ్లీషులో ఏదో గొడవ. స్టాంపు మాత్రం మనదే. అమ్మా స్వర్ణా, ఇలా రా."

స్వర్ణ వచ్చి చూసింది. చూసిన మరుక్షణం తెలిసింది. ప్రోగ్రామ్ మధ్యలో దెబ్బతిని ఆగిపోయినప్పుడు, రాసినవాడికి మాత్రమే కనబడవలసిన పేజీ అది. ఏ ఫైలులో, ఏ లైనులో, ఎందుకు ఆగిందో పైన వరసగా ఉంటుంది. హాస్టల్లో అలాంటివి వెయ్యి చూసి ఉంటుంది. లామినేషన్ చేసినది ఎప్పుడూ చూడలేదు.

ఇది రసీదు కాదు అనే మాట నోటిదాకా వచ్చింది. తలెత్తింది. కనక వెనకాల గుమ్మంలో ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. ఒకాయన తలపాగాలోంచి, ఒకామె కొంగు ముడిలోంచి కాయితాలు తీస్తున్నారు. అన్నీ అదే పొడవు.

*

"అది నేనే ఇచ్చాను మేడమ్," అన్నాడు టైటస్. కౌంటర్ దగ్గర కూర్చుని చెప్పింది టైపు చేసేది అతనే. మిషన్ స్కూల్లో చదువుకున్నవాడు. స్టాంపు ప్యాడ్ మీద ఎప్పుడూ తడిగుడ్డ కప్పి ఉంచుతాడు. "అది పొడుగు కాయితం."

"పొడుగు కాయితమేమిటి?"

"రెండు రకాలొస్తాయి కదండీ. సబ్మిట్ నొక్కితే కొంతమందికి నాలుగు లైన్ల చిన్న కాయితం. కొంతమందికి ఇది. నొక్కాక ఏ పేజీ వస్తే అది ప్రింటు తీసి, స్టాంపేసి ఇవ్వమని కంపెనీ ఆయన చెప్పి వెళ్లాడు. చిన్నది వచ్చినవాళ్లు నాతో దెబ్బలాట మేడమ్. ఆలకి అంత పెద్దదిచ్చి మాకింత ముక్కేటని. ఒకాయనైతే మళ్లీ నొక్కమని గంటసేపు కదల్లేదు."

స్వర్ణ నవ్వలేకపోయింది. "చిన్న కాయితం వాళ్లంతా గోడమీద ఉన్నారు టైటస్ గారూ. పొడుగు కాయితం వాళ్లు ఒక్కరూ లేరు."

అతని చెయ్యి తడిగుడ్డ మీద ఆగిపోయింది.

ఇద్దరూ కూర్చుని ఆ జాబితా చూశారు. చిన్న కాయితాలన్నీ బడికెళ్లినవాళ్లవి, బడి సర్టిఫికెట్టు తెచ్చినవాళ్లవి. వాళ్లకి పుట్టిన తేదీ ఉంది. మిగిలినవాళ్లు కౌంటర్ దగ్గర ఏం చెప్పేవారో టైటస్‌కి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మంగళవారం పుట్టాను, అందుకే మంగ్లు అన్నారు. డొంకరాయి డ్యాము కడతన్నప్పుడు అమ్మ పాలు తాగుతున్నానంట. మామిడికోతల నెలలో.

"తోచిన తేదీ ఏదో ఒకటి వేసేయమని ఒకాయన అన్నాడు," అన్నాడు టైటస్. "ఒకరి పుట్టుక నేను కల్పించి రాయడం తప్పు కదా అని ఖాళీగా వదిలేశాను."

"ఖాళీ గడి చూసి ప్రోగ్రామ్ ఆగిపోయింది. దాచుకోకముందే ఆగింది. అంటే వాళ్లు చెప్పినదేదీ కంప్యూటర్లో లేదు."

"ఎక్కడా లేదా?"

స్వర్ణ మధ్యాహ్నం దాకా వెతికింది. ఫలానా రోజు ఫలానా వేళకి ఎవరో తలుపు తట్టారని సర్వర్ రాసుకుంది. ఎవరు తట్టారో, ఏం చెప్పారో రాసుకోలేదు. కాయితంతో పనిలేని ఆఫీసు అని బోర్డు రాయించారు కాబట్టి, చేతిరాత దరఖాస్తులు అసలు తీసుకోనేలేదు.

ఆమె తాతారావు గారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"దరఖాస్తు లేని మనిషికి మొక్క ఎలా ఇస్తానమ్మా? రేపు ఇంకో వందమంది వచ్చి మేమూ పెట్టామంటారు. మే ముప్పై ఒకటి లోపల పెట్టినట్టు తేదీతో, వివరాలతో కాయితం చూపించమను, శుక్రవారం లోపల. సంతకం పెడతాను. నాకేమన్నా పగా?"

బయట కనక ఇంకా కూర్చునే ఉంది. చుట్టని మళ్లీ నారతో కట్టుకుంది.

"మేడమ్మ గారూ, మీదే ఊరు?"

స్వర్ణ తండ్రి పేరూ, ఊరూ చెప్పింది. జీలుగుబందకి ఒక కొండ ఇవతల.

"సోమన్న గుంటవేటి నువ్వు?" కనక ముఖం విప్పారింది. మేడమ్మ గారు అక్కడితో పోయింది. "సూడు గుంటా. మొక్కలకి గోతులు తవ్వేసినాను. తొమ్మిది వందలు. ఎండల్లో తవ్వినాను, ఒక్కదాన్ని. వాన ముదిరితే మట్టి జారి పూడిపోతాయి. పై ఏడు మల్లీ తవ్వమంటే నా వల్ల అవదు. నా రసీదులో ఏటి తప్పుందో సూసి సెప్పు. దిద్దుకుంటాను."

తప్పు నీది కాదు అనబోయి స్వర్ణ మాట మార్చింది. "ఆ కాయితం జాగ్రత్తగా ఉంచు అత్తా," అంది అంతే.

*

మంగళవారం ఘాట్‌రోడ్డు మీద చెట్టు పడి కరెంటు పోయింది. ఆఫీసులో చేయడానికి పని లేదు. స్వర్ణ షేర్ జీపెక్కి, వెనక కమ్మీ పట్టుకుని నిలబడి, మలుపు దగ్గర దిగింది. అక్కడినుంచి అయిదు కిలోమీటర్లు కాలిబాట. చెప్పులు చేతపట్టుకుంది.

చీలిక దగ్గర ఎడమ దారి గెడ్డ నీళ్ల వెంబడే పోతుంది, కుడిది దిబ్బెక్కుతుంది. చిన్నప్పుడు ఎప్పుడూ ఎడమదే. ఇప్పుడు ఆ దారికి అడ్డంగా ఒక కొమ్మ పడి ఉంది. పడింది కాదు, వేసింది. మొదలు గెడ్డ వైపు, ఆకుల చివర దిబ్బ వైపు. స్వర్ణ కాళ్లు ఆలోచించకుండా కుడివైపు తిరిగాయి. పదడుగులు వేశాక ఆగింది. వెనక్కి వచ్చి కొమ్మ ముందు నిలబడింది.

ఆకులు ఇంకా వాడలేదు. విరిచిన చోట తెల్లగా ఉంది. నిన్నటిది. దిబ్బ ఎక్కుతుంటే కింద కనబడింది. మలుపు దాటాక గెడ్డ గట్టు కోసుకుపోయి, మనిషి లోతున దారి తెగి ఉంది. అక్కడిదాకా పోయి చూసుకుని వెనక్కి వస్తే అరగంట వృథా. బరువుతో ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువ.

కనక వాలులో ఉంది. సిల్వర్‌ఓక్ చెట్ల నీడన గోతులు వరసలు వరసలుగా ఉన్నాయి. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు. గునపం కర్రకి గీత పెట్టుకుని కొలిచింది. పైనుంచి మూడు వరసల్లో ప్రతి గోతి మీదా అడ్డాకులు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టింది. నాలుగో వరసలో కప్పుతోంది. కప్పని గోతుల్లోకి ఎర్రనీళ్లు సన్నగా జారుతున్నాయి.

స్వర్ణ పక్కన కూర్చుని రాళ్లు అందించసాగింది.

"చీలిక దగ్గర కొమ్మ ఎవరేశారు అత్తా?"

"నానే. నిన్న నాను దిగిపోయి సూసుకున్నాను కదా, గట్టు తెగిపోనాది."

"నేను వస్తానని తెలుసా?"

"నువ్వొస్తావని నాకేటి తెలుసు? ఎవులో ఒకలు వత్తారు కదా నా ఎనకాల." కనక ఇంకో ఆకు పరిచింది. "కొందరు ఉత్తినే అడ్డంగా పడేసి పోతారు. మా అయ్య తిట్టీవోడు. దారి నేదని సెప్పేసి ఊరుకుంటే ఎలగ, ఎటెల్లాలో సెప్పొద్దా అనీవోడు. సివర తిప్పాల."

స్వర్ణ చేతిలో రాయి అలాగే ఉండిపోయింది. "అత్తా, నీ కాయితం ఒకసారి తే."

గుడిసె చూరులోంచి కనక చుట్ట తెచ్చింది. స్వర్ణ ఈసారి పైనుంచి కాకుండా కిందినుంచి చదివింది. పైన ఉన్న గొడవంతా ప్రోగ్రామ్ తన బాధ తను చెప్పుకోవడం. అడుగున, స్టాంపుకి కొంచెం పైన, చిన్న అక్షరాల్లో ఒకే బ్రాకెట్లో, ఆగిపోయే ముందు తన చేతికి వచ్చినవన్నీ అది కక్కేసింది. పేరు, పాంగి కనక. ఊరు, జీలుగుబంద. భూమి, ఒక ఎకరం. తవ్విన గోతులు, తొమ్మిది వందలు. పుట్టిన తేదీ, ఖాళీ.

ఒక్కొక్కటే తెలుగులో చదివి వినిపించింది.

"నా గోతులు రాసున్నాయేటి అందులో?"

"రాసున్నాయి."

"తొమ్మిది వందలూ?"

"తొమ్మిది వందలూ."

"మరి నేవంటారేటి!" కనక లేచి నిలబడింది.

స్వర్ణ కాయితాన్ని ఇంకా కిందికి జరిపింది. అట్టడుగున, లామినేషన్ అంచుకి ఆనుకుని, ప్రింటు తీసినప్పుడు దానంతటదే పడే తేదీ ఉంది. మే నెల పద్నాలుగు. కంపెనీ కంప్యూటర్ మరచిపోయినది ఈ చూరులో భద్రంగా ఉంది. తాతారావు గారు అడిగినవి రెండే. తేదీ, వివరాలు.

"ఇలాంటివి ఎంతమంది దగ్గరుంటాయి అత్తా? ఇన్నాళ్లు ఉంచుకుంటారా?"

కనక ఆమె వైపు జాలిగా చూసింది. "స్టాంపున్న కాయితం ఎవులైనా పారేత్తారేటే గుంటా? పట్నంలో సదివి పాడైపోనావు. రేపు సంత. నాను సూసుకుంటాను."

*

బుధవారం సంతలో మిరియాలు, పసుపు, అడ్డాకుల కట్టలు అమ్మే వరసల మధ్యనుంచి కనక నడిచింది. విప్పిన కాయితాన్ని రెండు చేతులతో తలకంటే ఎత్తుగా పట్టుకుంది. లామినేషన్ మీద వాన చినుకులు జారుతున్నాయి.

"ఇలాటిది ఉన్నోలు రేపు పొద్దున్న ఆఫీసుకి రండి! ఏ ఊరోలైనా సరే. పొడుగుది! సిన్నది కాదు, పొడుగుది!"

చూసి వచ్చిన టైటస్ చెప్పాడు. "జీపులవాళ్లు కూడా అరుస్తున్నారు మేడమ్. ఒకాయన భార్యని తిడుతున్నాడు, దాని మీద ఎండుచేపలు పెట్టావని."

స్వర్ణ తెరమీంచి తల తిప్పలేదు. కరెంటు వచ్చి గంటయింది. అది ఉన్నంతసేపట్లో ముగించాలి.

ముందు సెట్టింగుల ఫైలు తెరిచింది. తయారీ దశలో లోపాలన్నీ తెరమీద చూపించు అని చెప్పే లైను ఒకటుంటుంది. కంపెనీవాళ్లు దాన్ని ఆపకుండానే వెళ్లిపోయారు. ఆపింది. ఖాళీ తేదీతో ఒక దరఖాస్తు నొక్కి చూసింది. ఈసారి పొడుగు పేజీ రాలేదు. తెల్ల తెర మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క వచ్చింది. సర్వర్ లోపం, అయిదొందలు. అంతే.

"ఇది ఇంకా అన్యాయం మేడమ్," అన్నాడు టైటస్. "దానికన్నా పాత కాయితమే నయం."

"అవును. ఉత్తినే అడ్డంగా పడేసిన కొమ్మ."

అతనికి అర్థం కాలేదు. ఆమె తర్వాత చెబుతానంది. అసలు రోగం ముందు కుదిర్చింది. పుట్టిన తేదీ తెలియకపోతే ఉజ్జాయింపు వయసు చాలని మార్చింది. వయసు అంకెకి బదులు ఏదో పడితే, ఫారం చెరిగిపోకుండా, ఆ గడి పక్కనే ఏం కావాలో తెలుగులో అడిగేలా చేసింది. లేని పేజీకి వెళ్తే కౌంటర్ మొదటి పేజీకి దారి చూపించేలా ఇంకొకటి.

ఇక అయిదొందల పేజీ. ఏ కారణం చేతనైనా ప్రోగ్రామ్ దెబ్బతింటే వచ్చేది. వెబ్‌సైటు కట్టడానికి వాడిన ఫ్రేమ్‌వర్క్ దానికి ఒక చోటు వదిలే ఉంచుతుంది. ఇలా అయినప్పుడు ఏం చూపించాలో ఇక్కడ మీరే రాసుకోండి అని. కంపెనీవాళ్లు ఆ చోటు ఖాళీగా వదిలేశారు. స్వర్ణ అక్కడ రెండు పనులు పెట్టింది. వచ్చిన వివరాలని ముందుగా ఒక ఫైల్లో దాచి, దానికి ఒక నంబరు ఇవ్వడం. ఆ తర్వాతే పేజీ చూపించడం.

పేజీలో ఏం రాయాలన్న దగ్గర ఎక్కువసేపు ఆగిపోయింది. మొదట రాసింది కొట్టేసింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము అని రాసి అదీ కొట్టేసింది. కొండమీదనుంచి వానలో తడిసి వచ్చిన మనిషి దాన్ని ఏం చేసుకుంటాడు? చివరికి నాలుగు మాటలు నిలిచాయి.

పేజీ తెరిస్తే అక్షరాల బదులు గళ్లు వచ్చాయి. పాత విండోస్‌కి తెలుగు రాదు. టైటస్ బీరువా అడుగునుంచి సీడీ వెతికి తెచ్చి, తెలుగు ఎక్కించి, రీస్టార్ట్ చేశాడు. ఈసారి గళ్లు పోయి ప్రశ్నార్థకాలు వచ్చాయి. పేజీ మొదట్లో అక్షరాల పద్ధతి చెప్పలేదని స్వర్ణకి గుర్తొచ్చి ఆ లైను చేర్చింది. మళ్లీ తెరిచారు. తెలుగు వచ్చింది. గుణింతాలతో, ఒత్తులతో.

టైటస్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మేడమ్, మీరు రాసినదాంట్లో అయిదొందలు అనే అంకె ఇంకా పంపుతున్నారు. అది తీసేయొచ్చు కదా?"

"అది మనకి కాదు టైటస్ గారూ. యంత్రాలు ఒకదానికొకటి చెప్పుకునేది. అది తీసేస్తే, అంతా బాగానే జరిగిందనుకుంటాయి. మనుషులకి తెలుగు, యంత్రానికి అంకె. రెండూ నిజమే చెప్పాలి."

సాయంత్రం ఆమె కౌంటర్ మీది మానిటర్‌ని పట్టుకుని పక్కకి తిప్పింది. ఇన్నాళ్లూ అది టైటస్ ఒక్కడికే కనబడేది. ఇప్పుడు సగం అవతలివాళ్ల వైపు తిరిగింది.

*

గురువారం తాతారావు గారు వచ్చేసరికి వరండాలో చోటు లేదు. వెదురు గొట్టాలు, రేకు పెట్టెలు, పాలిథిన్ కవర్లు, అన్నిట్లోంచీ అదే పొడవు కాయితాలు బయటికి వస్తున్నాయి. ఎండుచేపల వాసన ఒకటి ఎక్కడినుంచో వస్తోంది.

"ఏంటమ్మా ఇదంతా?"

"మీరు అడిగిన రుజువులు సార్," అంది స్వర్ణ.

ఆయన కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు దించుకున్నాడు. కనక కాయితం మొదటిది. స్వర్ణ పెన్సిలుతో ముట్టకుండా చూపించింది. ఇక్కడ పేరు, ఇక్కడ ఊరు, ఇక్కడ గోతులు. ఆయన వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివాడు. అడుగున ఆగాడు.

"అయిదు, పద్నాలుగు, రెండువేల తొమ్మిది. పద్నాలుగో నెల ఎక్కడిదమ్మా?"

వెనక ఎవరో నవ్వారు.

"అమెరికా పద్ధతి సార్. నెల ముందు, తేదీ తర్వాత. కంప్యూటర్లో మార్చకుండా వదిలేశారు. మన జీతాల కాయితం ప్రింటు తీసినా అలాగే పడుతుంది."

ఆయన సొరుగులోంచి తన కాయితం ఒకటి తీసి అడుగున చూసుకున్నాడు. అక్కడా నెలే ముందుంది. తర్వాత టైటస్‌ని పిలిచాడు.

"ఈ స్టాంపు?"

"నేనే వేశాను సార్."

"ఈ మనిషి చెప్పగా నువ్వే కొట్టావా ఇవన్నీ?"

"అవును సార్. ఆవిడ నా ఎదురుగా కుర్చీ వద్దని నిలబడే చెప్పారు. నాకు గుర్తుంది. పుట్టిన తేదీ మాత్రం ఖాళీగా వదిలింది నేనే. తప్పయితే నాదే అని రాసుకోండి."

తాతారావు గారు తెల్లకాయితం తీసుకుని పైన గీత కొట్టాడు. అదనపు జాబితా అని రాశాడు. ఒకటి. పాంగి కనక, జీలుగుబంద.

వరండాలో మాట ఒకరినుంచి ఒకరికి పాకింది.

ఆ తర్వాత ఆయన తలెత్తలేదు. ఒక్కొక్క కాయితం తనే చదివాడు. స్వర్ణ చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. ఎక్కడ చూడాలో ఆయనకి తెలిసిపోయింది. భీముడనే ముసలాయన కాయితం సగం చెదలు తినేసింది. పేరున్న చోటు లేదు. తండ్రి పేరు, ఊరు, మూడు వందల యాభై గోతులు, తేదీ మిగిలాయి.

"పేరేదయ్యా?"

"సెద తినేసినాది బాబూ. నన్ను తినలేదు, నానున్నాను కదా."

తాతారావు గారి పెదవి కదిలింది. రాసుకున్నాడు.

మధ్యాహ్నమవుతుంటే గుమ్మం దగ్గర గొడవయింది. మంగ్లు అనే మనిషి లోపలికి రాలేకపోతున్నాడు. భుజం మీద నిలువెత్తు తలుపు చెక్క ఉంది.

"ఇదేంట్రా బాబూ?" అన్నాడు తాతారావు గారు.

"నాను దీనికే అంటించేసినాను బాబూ, గంజి పెట్టి. ఇంటికొచ్చినోలందరికీ కనబడాలని. పీకితే సిరిగిపోతాదని మా ఆవిడ తలుపే ఊడదీసి ఇచ్చినాది. బేగి రాసుకోండి, ఇంట్లో మేకలు దూరిపోతాయి."

వరండా అంతా నవ్వింది. టైటస్, స్వర్ణ చెరో కొస పట్టి తలుపుని బల్లమీద పడుకోబెట్టారు. తాతారావు గారు కుర్చీలోంచి లేచి, వంగి, తలుపు చుట్టూ తిరిగి చదివాడు. అయిదు వందల గోతులు. మే ఇరవై. రాసుకున్నాడు.

మొత్తం నలభై నాలుగు మంది. సంతకం పెట్టి, ఆయన ఆ జాబితా తనే తీసుకెళ్లి పాత జాబితా పక్కన అంటించాడు. ఎత్తు సరిపోయిందో లేదో దూరంగా జరిగి చూసుకున్నాడు.

"ఈ కాయితాలన్నీ ఫైల్లో పెట్టించమ్మా."

"నకలు తీసుకోండి బాబూ," అంది కనక, చుట్ట కట్టుకుంటూ. "అసలుది నాది."

*

సోమవారం లారీ వచ్చింది. నల్ల కవర్లలో మొక్కలు, చెయ్యెడు ఎత్తు, ఆకులు నిగనిగలాడుతున్నాయి. జీలుగుబందనుంచి పదిమంది కావిళ్లతో దిగారు. కనక ఏ మొక్కకి ఆ మొక్క వేరు వైపు నొక్కి చూసి బుట్టలో పెట్టుకుంటోంది. వంకరగా ఉన్న రెండింటిని వెనక్కిచ్చి మార్పించుకుంది. గోతులు ఎలా ఉన్నాయని స్వర్ణ అడిగితే, ఎనిమిది పూడినాయి, తీసేసినాను అంది.

బుట్టలు నిండాక లోపలికి వచ్చింది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచింది.

"నువ్వు కూడా ఏదో కొమ్మేసినావంట కదే. టైటస్ బాబు సెప్పినాడు. ఏదీ, సూపించు."

స్వర్ణ కౌంటర్ దగ్గర కూర్చుంది. దరఖాస్తు తెరిచి, కనక పేరే కొట్టి, ప్రోగ్రామ్‌ని కావాలని మధ్యలో పడగొట్టింది. తెర ఒక్క క్షణం తెల్లబడి, పేజీ వచ్చింది. టైటస్ మానిటర్‌ని పూర్తిగా కనక వైపు తిప్పాడు.

స్వర్ణ వేలు పెట్టి చదివింది.

"మీ దరఖాస్తు ఇంకా పూర్తి కాలేదు. తప్పు మీది కాదు, మా యంత్రానిది. మీరు చెప్పిందంతా దాచి ఉంచాం, ఈ నంబరు మీద. ఈ చీటీ ఉంచుకోండి, మిగతా పని మేము చేస్తాం. దీనికోసం మళ్లీ కొండ దిగి రానక్కర్లేదు."

కనక తెరకి దగ్గరగా వంగింది. అక్షరాలు రాకపోయినా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది.

"సివర ఎటు తిప్పినావు?"

స్వర్ణ ఆఖరి లైను మీద వేలు పెట్టింది. "ఇటు. నీ ఇంటి వైపు."

కనక తలాడించింది. తలమీద చుట్టకుదురు సరిచేసుకుని, బయటికి వెళ్లి, మొక్కల బుట్ట ఎత్తుకుంది.